ఆల్బమ్‌లో ఉన్న ముక్కు నాది కాదు

మామిడికుదురు నుంచి అప్పనపల్లి వెళ్లే దారిలో, కాలవ పక్కన రేకుల షెడ్డులో కొబ్బరి పీచు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. అందులో పదకొండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. కాయల మీంచి ఒలిచిన డొక్కలు మిషన్లో వేస్తే పీచు ఒకవైపు, పొట్టు ఒకవైపు పడతాయి. ఆ పొట్టు గాలిలోకి లేచి మబ్బులా నిలబడుతుంది. పదిమంది ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు. పదకొండో మనిషి సత్యదుర్గ మాత్రం నోటికి కట్టుకుంటుంది. ఆమె గాలి పీల్చేది నోటితోనే.

ముప్పై నాలుగేళ్ల మనిషి. ఎడమ రంధ్రం మూసుకుపోయి ఇరవై రెండేళ్లయింది. కుడిది ఉన్నా లేనట్టే. ముక్కు దూలం నుదుటి దగ్గర తిన్నగానే మొదలవుతుంది, మధ్యలో ఒక ఎత్తు ఎక్కుతుంది, అక్కణ్ణుంచి దారి తప్పినట్టు ఎడమకి తిరుగుతుంది. ఊళ్లో ఇంకో సత్యదుర్గ ఉంది కాబట్టి ఈమెను గుర్తు చెప్పడానికి ‘వంకరముక్కు దుర్గ’ అనేవారు. మొహం మీదే అనేవారు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ఆ వంకర పుట్టుకతో వచ్చింది కాదు. పన్నెండో ఏట కామందుగారి తోటలో కొబ్బరి దింపు జరుగుతుంటే, మిగతా పిల్లలతో కలిసి కాయలు ఏరి పోగు పెట్టడానికి వెళ్లింది. చెట్టెక్కిన మనిషి గెల కోసే ముందు ఒక కేక వెయ్యాలి, కింద ఉన్నవాళ్లు పక్కకి తప్పుకోవాలి. అదీ పద్ధతి. ఆ రోజు రోడ్డు మీద లారీ ఆగి ఉంది, కామందు తొందర పెడుతున్నాడు. కేక లేకుండానే గెల పడింది. ఒక కాయ కాలవగట్టు రాయికి కొట్టుకుని ఎగిరి పిల్ల మొహాన తగిలింది. నెత్తురు ఆగేదాకా పసుపు అద్దారు. సాయంత్రం కామందుగారింటి నుంచి పది కాయలు వచ్చాయి. బడిలో ఉండాల్సిన పిల్ల తోటలో ఎందుకుందని అడిగినవాళ్లు లేరు. విరిగిన ముక్కుని డాక్టరుకి చూపించాలన్నవాళ్లు లేరు. పది కాయలిచ్చారు కదా అన్నారు. ఆ పదిలో రెండు కుళ్లువి.

కిందటేడు చలికాలంలో దగ్గు పట్టుకుని వదల్లేదు. అమలాపురం డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, లోపలి నడిమి గోడ వంగిపోయిందని, బయటి ఎముక కూడా పక్కకి జరిగి అతుక్కుందని, రెండూ కలిపి ఒకేసారి సరిచెయ్యొచ్చని చెప్పి కాకినాడ పంపాడు. సత్యదుర్గ ఆ మాట ఇంట్లో చెప్పింది.

అత్తగారు చిన్నమ్మలు చేపలు తోముతున్నదల్లా చెయ్యి ఆపింది.

“ఇప్పుడా? పెళ్లయి పద్నాలుగేళ్లయ్యేక ముక్కు చెక్కించుకుంటావా? ఎవరు చూడాలనే?”

“ఎవరో చూడాలని కాదండి అత్తయ్యగారూ. నేను పీల్చాలని.”

“ఇన్నాళ్లూ పీల్చలేదా?”

“పీల్చలేదండి. మింగేను.”

ఫ్యాక్టరీలో ఇంకో రకం. పక్క మిషన్ దగ్గర పనిచేసే సుందరమ్మ, అరవై దాటిన మనిషి, నోటికి తాళం లేని మనిషి, గట్టిగా అరిచింది. “ఏమే దుర్గా, సినిమాలో ఏషం ఇచ్చేరంటగా! మాక్కూడా ఓ మూల నిలబడే ఏషం ఇప్పించవే!”

“మీకు కామందు ఏషం ఇప్పిస్తాను పిన్నీ. కొబ్బరికాయలు పంచిపెడుదురు గాని.”

మగవాడు పళ్లు కట్టించుకుంటే, కంటికి ఆపరేషన్ చేయించుకుంటే, ఎవరి కోసం అని మనం అడగం. ఆడదాని మొహం మీద మాత్రం ఊరందరికీ వాటా ఉంటుంది. వంకర చేసినప్పుడు కనపడని వాటాదార్లు సరిచేసుకుంటానంటే మాత్రం అరుగుల మీంచి లేచి వస్తారు.

కాకినాడ డాక్టరు మాధవీలత కూడా మొదట అదే ప్రశ్న అడిగింది. అడిగిన తీరు వేరు.

“ఎవరైనా చేయించుకోమన్నారా అమ్మా?”

“ఎవరూ అనలేదండి. అందరూ వద్దనే అన్నారు.”

డాక్టరు నవ్వింది. “అయితే మంచిదే. ఎవరో పోరు పెట్టి పంపినవాళ్లకి నేను కత్తి పట్టను. మీకేం కావాలి?”

“ఊపిరి కావాలండి. తర్వాత...” అని కాస్త ఆగి, “వంకర పోవాలండి. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆ తోట గుర్తొస్తంది.”

“ముక్కు విరక్కముందు ఫొటో ఏదైనా ఉందా? ఎలా ఉండేదో తెలిస్తే పని సులువు.”

“మాకప్పుడు ఫొటోలెక్కడివండి. పెళ్లి ఫొటో ఉందండి. అందులో తిన్నగానే ఉంటది.”

“విరిగాక తీసిన ఫొటోలో తిన్నగా ఎలా ఉంటుంది?”

“లైట్లు పెట్టేరు కదండి,” అంది సత్యదుర్గ. ఆమె నిజంగానే అలా నమ్మింది. గోడ మీద పద్నాలుగేళ్లుగా వేలాడుతున్న ఆ ఫొటోని రోజూ తుడుస్తూ, ఆ రోజు వెలుగు మంచిది, ఆ రోజు తాను అలాగే ఉంది అనుకుంది.

రెండోసారి వెళ్లినప్పుడు ఫ్రేముతో సహా తువ్వాల్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది. “ఇలా చెయ్యండమ్మగారూ” అని బల్ల మీద పెట్టింది.

డాక్టరు చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను మొనతో చూపించింది.

“ఇదిగో, మీ మొహం మీద వెలుగు కుడి నుంచి పడుతోంది. చెంప నీడ ఎడమవైపుంది. ముక్కు నీడ మాత్రం కుడివైపుంది. మొహానికో సూర్యుడు, ముక్కుకో సూర్యుడూ ఉంటారా? ఇది మీ ముక్కు కాదు సత్యదుర్గగారూ. ఎవరిదో తెచ్చి అతికించారు. దీన్ని నేను చెయ్యలేను. చేస్తానని ఎవరైనా చెప్తే నమ్మకండి. మీ అసలు మొహం ఉన్న ఫొటో తెండి, అప్పుడు మాట్లాడుకుందాం.”

తిరుగు బస్సులో ఫొటోని ఒళ్లో బోర్లా పెట్టుకుంది. మామిడికుదురులో దిగి ఇంటికి వెళ్లలేదు. సెంటర్ దగ్గరే ఉన్న సుందరమ్మ ఇంటికి వెళ్లి, “పిన్నీ, మీ కోడలి పెళ్లి ఆల్బమ్ ఓసారి తియ్యండి” అంది. రెండు పెళ్లిళ్లకీ ఫొటోలు తీసింది ఒకే స్టూడియో.

మూడో పేజీలోనే దొరికింది. ముందు సుందరమ్మే పసిగట్టింది.

“ఓసి దీని దుంపతెగ! మా కోడలి మొహం మీద నీ ముక్కేంటే?”

“నాది కాదు పిన్నీ. మీ కోడలిదీ కాదు.”

ఎదురింటి ఆల్బమ్ తెప్పించారు. పక్కింటిదీ తెప్పించారు. నాలుగు పెళ్లికూతుళ్లు, ఒకే ముక్కు. సన్నగా, తిన్నగా, కొన కాస్త పైకెత్తి. నాలుగో అమ్మాయి చామనఛాయ, ముక్కు మాత్రం గోధుమరంగు. సుందరమ్మ అరుగు మీద కూలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. సత్యదుర్గ కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక లేచి, ఫ్రేము చంకన పెట్టుకుని స్టూడియో మెట్లెక్కింది.

స్టూడియో యజమాని నాగసతీష్ మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. సంగతి విన్నాక కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాడు.

“ఈ ముక్కెవరిది తమ్ముడూ?”

“ఏదో నగల షాపు పుస్తకంలో అమ్మాయిది అక్కా. ఎవరో నాకూ తెలీదు. సెట్టయ్యే ముక్కు. ఎవరికి పెట్టినా కుదిరిపోద్ది.”

“నాకు పెట్టమని ఎవరు చెప్పేరు?”

“మీ అత్తగారే వచ్చి చెప్పేరు. మా వాడు గల్ఫ్‌లో నలుగురికీ చూపించుకోవాలి బాబూ, కాస్త ముక్కు సర్దు అన్నారు. తర్వాత చూస్తే అందరికీ అదే నచ్చింది. ఇంక అడక్కుండానే పెట్టేసేవాణ్ణి.”

“ఒక్కరైనా ఇది నా ముక్కు కాదని రాలేదా?”

“ఆయ్, ఒక్కళ్లూ రాలేదక్కా. మీరూ అప్పుడు బావుంది అనే అన్నారు.”

ఆ దెబ్బ కొబ్బరికాయ దెబ్బకన్నా తిన్నగా తగిలింది. అవును, అంది. పద్నాలుగేళ్లపాటు అంటూనే ఉంది. రోజూ తుడిచిన ఫొటోలో తాను లేదని తనకే తెలియలేదు. ఇందులో నాగసతీష్ ఒక్కడి తప్పేముంది? ఫలానా ముక్కు ఉంటేనే పెళ్లికూతురని నగల షాపు చెప్పింది, అత్తగారు నమ్మింది, ఊరు తలూపింది, ఆఖరికి ఆ మొహం గల మనిషి కూడా నమ్మింది. ఒక మండలంలో ఆడపిల్లలందరి మొహాల మీదా ఒక ముక్కు వచ్చి కూర్చుంటే, అడిగినవాళ్లు లేరు.

“అసలుది ఉందా?” అని అడిగింది.

పాత హార్డ్‌డిస్క్ తీసి దుమ్ము దులిపి వెతికాడు. గంట పట్టింది. కన్యాదానం వేళ తీసిన ఫొటో తెర మీద విచ్చుకుంది. ఇరవై ఏళ్ల పిల్ల, దేనికో పకపకా నవ్వుతోంది. ముక్కు దూలం మీద ఎత్తు, కింద ఎడమకి తిరిగిన వంకర, అంతా ఉన్నది ఉన్నట్టే. పక్కన ఆమె తండ్రి, కొబ్బరి ఒలుపు పని చేసి పెంచిన తండ్రి. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన ముక్కు మీదా అదే ఎత్తు.

సత్యదుర్గ తెర దగ్గరికి వంగి చూసింది. “ఇది ప్రింటు తియ్యి. దేన్నీ ముట్టుకోకు.”

మూడోసారి డాక్టరు ముందు ఈ ఫొటో పెట్టింది. ఏం చెప్పాలో బస్సులోనే తేల్చుకుంది.

“ఈ ఎత్తు మా నాన్నదండి. ఉంచండి. ఈ వంకర కామందుగారి కొబ్బరికాయదండి. అది తీసెయ్యండి.”

మాధవీలత ఫొటో పక్కన కాగితం పెట్టి బొమ్మ గీసింది. “ఎత్తు ఉంచొచ్చు. వంకర చాలావరకూ తియ్యొచ్చు. పూర్తిగా తిన్నగా వస్తుందని మాత్రం మాటివ్వను. ఇరవై రెండేళ్లు ఒకవైపే పెరిగిన ఎముక అది. కాస్త ఎడమ మొగ్గు మిగలొచ్చు. ఊపిరి బాగా మెరుగవుతుంది. మొదటి వారం అద్దంలో చూసుకుని నన్ను తిట్టుకుంటారు, కళ్ల కింద నల్లగా కమిలిపోతుంది. వాపు నెమ్మదిగా తీస్తుంది, అసలు రూపం తేలడానికి ఏడాది పడుతుంది. కొద్దిమందికి రెండోసారి కూడా సరిచెయ్యాల్సి వస్తుంది. ఇవన్నీ ఒప్పుకుంటేనే తేదీ ఇస్తాను.”

“ఒప్పుకుంటానండి. వంకరముక్కు దుర్గ అని పిలవడం మానేస్తారాండి?”

“దానికి నా దగ్గర ఆపరేషన్ లేదమ్మా. అది వాళ్లకి చెయ్యాలి.”

“ఆయ్. అది నేను చూసుకుంటానండి.”

రెండు వారాలకి తేదీ పడింది. డాక్టరు ఇచ్చిన కాగితాన్ని సత్యదుర్గ వంటింటి తలుపుకి అంటించింది. రక్తపరీక్షలు, స్కానింగ్ అయిపోయాయి. పీచు పొట్టు తగలకూడదు, కాబట్టి ఫ్యాక్టరీకి సెలవు. ఒళ్లు నొప్పులకి ఫ్యాక్టరీలో అందరూ మింగే బిళ్లలో రక్తాన్ని పలచన చేసే మందుందని తేలింది, కాబట్టి అది బంద్. భర్త వీరేంద్ర ఖతార్‌లో ఏసీ మెకానిక్కు. వస్తూ పోయేవాళ్లతో అతను డబ్బాలు డబ్బాలుగా పంపే చేపనూనె గొట్టం మాత్రలు కూడా బంద్. గల్ఫ్ నుంచి వచ్చిందేదైనా బలమే అని నమ్మే చిన్నమ్మలుకి అది మింగుడు పడలేదు.

“ఆపరేషన్‌కి ముందు బలం ఎక్కించుకోవాలి గానీ మానేస్తారా?”

“నెత్తురు ఆగదంటండి. మీరేసుకోండి అత్తయ్యగారూ, మీరెలాగూ ఏ ఆపరేషనూ చేయించుకోరు.”

తల ఎత్తుగా పెట్టుకోవడానికి రెండు దిళ్లు కుట్టుకుంది. మూడు వారాలు బరువెత్తకూడదు, వంగకూడదు కాబట్టి నీళ్లు మోయడానికి పక్కింటివాళ్లతో మాట్లాడుకుంది. అంతా సవ్యంగా నడిచింది, కాగితంలో ఆఖరి వరస దాకా. ముక్కుపుడక తీసి రావాలి.

చిన్నమ్మలు అక్కడ అడ్డం తిరిగింది. ఇది కోపం కాదు, భయం. సత్యదుర్గకి ఆ తేడా తెలుసు కాబట్టే ఎక్కువ కష్టమైంది.

“మీ మావయ్య పోయిన రోజు నలుగురు పట్టుకుని నా ముక్కుపుడక తీసేరు,” అంది చిన్నమ్మలు, తన ముక్కు మీద మిగిలిన చిన్న గుంటని వేలితో తడుముకుంటూ. “ఆ రోజు తప్ప ఆడది ముక్కు ఖాళీగా పెట్టుకోకూడదే. మావాడు దేశం కాని దేశంలో ఉన్నాడు. మేడలెక్కి గోడలకి వేలాడి పని చేస్తాడు. నువ్వు తియ్యడానికి వీల్లేదు. ఆపరేషన్ లేదు, ఏం లేదు.”

“మీ అబ్బాయి ఊపిరి నా ముక్కుపుడకలో ఉందాండి? ఆయన్ని కాసేది నడుముకి కట్టుకునే బెల్టండి. అది సరిగ్గా కట్టుకోమని చెప్పండి. నా ఊపిరి మాత్రం నా ముక్కులోనే ఉంది.”

చిన్నమ్మలు కొడుక్కి ఫోన్ కలిపింది. తెర మీద వీరేంద్ర భోజనాల వేళ, చేతిలో రొట్టెతో కనపడ్డాడు.

“అమ్మ భయపడతంది దుర్గా. వచ్చే ఏడు నేనొస్తాను కదా, అప్పుడు చూద్దాంలే.”

“అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకోమంటారాండి?”

“అది కాదే. నాకు నువ్విలాగే బావుంటావు.”

“ఎలాగండి? మీ ఫోన్లో పెట్టుకున్నది నగల షాపు ముక్కండి. ముందు నన్ను చూసి అప్పుడు చెప్పండి బావున్నానో లేదో. అసలు ఫొటో పంపేను, చూసేరా?”

వీరేంద్ర రొట్టె కింద పెట్టాడు. “చూసేను,” అన్నాడు. తర్వాత తల్లి వైపు చూశాడు. వద్దనలేదు. వెళ్లమనలేదు. సత్యదుర్గ వెళ్లమనే మాట కోసం ఆగలేదు.

ఇరవై ఏళ్లుగా కదలని పుడక. సీల బిగుసుకుపోయి ఉంది. నగలు చేసే ఆచారిగారి దగ్గరికి వెళితే, మొగుడున్న ఆడదాని ముక్కుపుడక తన చేత్తో తియ్యనన్నాడు. పొరుగింటి ఆడవాళ్లు తలుపు చాటుకి తప్పుకున్నారు. ఆమె తిన్నగా సుందరమ్మ దగ్గరికి వెళ్లింది.

సుందరమ్మ మొదటిసారి నోరు తగ్గించింది. “వద్దే దుర్గా. మొగుడు పోయినదాన్ని. నా చెయ్యి మంచిది కాదంటారు.”

“డొక్కలు పీకే చెయ్యి పిన్నీ అది. ఈ మండలంలో ఎన్ని ఇళ్లలో మీరు తీసిన పీచుతో తాళ్లు ఉన్నాయి? ఒక్క తాడన్నా తెగిందా? మీ చెయ్యే కావాలి.”

సుందరమ్మ కొబ్బరినూనె రాసి, నాననిచ్చి, చిన్న పటకారుతో సీల తిప్పింది. పుడక అరచేతిలో పడింది. ఇద్దరూ దాన్ని చూశారు. ఆకాశం ఉన్నచోటే ఉంది.

“తోడు ఎవరొస్తారే కాకినాడకి?” అంది సుందరమ్మ.

“మీరేనండి.”

ఆసుపత్రిలో ఫారం నింపే గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు. “మీ ఆయన సంతకం?”

“ఖతార్‌లో ఉన్నారండి.”

“అయితే మీ అన్నయ్యో, మరిదిగారో. ఎవరైనా మగవాళ్లు.”

“ముక్కెవరిదండి?”

గుమాస్తా తల ఎత్తాడు.

“ముప్పై నాలుగేళ్లండి నాకు. కోసేది నాకు, నెప్పి నాకు. సంతకం చెయ్యడం కూడా నాకొచ్చండి.” కలం తీసుకుని, ఒక్కో అక్షరం ఒత్తి, పూర్తి పేరు రాసింది. తోడు వచ్చిన మనిషి అన్నచోట సుందరమ్మ వేలిముద్ర వేసింది. మాధవీలత వచ్చి చూసి, “ఆవిడ సంతకం చాలు బాబూ” అని కాగితం తీసుకుంది.

ఆపరేషన్ అయిన వారానికి పట్టీ, కట్టు విప్పడానికి వెళ్లి వస్తున్నప్పుడు బస్సులో సీటు దొరికింది. కళ్ల కింద నేరేడుపండు రంగు. మొహం వాచి ఉంది. పైట కప్పుకోమని సుందరమ్మ అంటే కప్పుకోలేదు. వెనక సీట్లో ముసలాయన ఒకాయన జాలిపడ్డాడు.

“ఎవరు కొట్టేరు తల్లీ?”

“కామందుగారి కొబ్బరికాయండి,” అంది సత్యదుర్గ, బస్సులో అందరికీ వినపడేలా. “ఇరవై రెండేళ్ల కిందట.”

ఆరు నెలలయింది. వాపు చాలావరకూ తీసింది. ముక్కు దూలం మీద తండ్రి ఎత్తు అలాగే ఉంది. కింద కొంచెం, తెలిసినవాళ్లు చూస్తే తెలిసేంత, ఎడమ మొగ్గు మిగిలింది. డాక్టరు చెప్పినట్టే. ఆ మాత్రానికి సత్యదుర్గ ఏడవలేదు. ముందే తెలిసిన దానికి ఏడుపెందుకు? ఫ్యాక్టరీలో ఇప్పుడు గుడ్డ ముక్కుకీ నోటికీ కలిపి కడుతుంది. నోరు మూసుకుని నడవడం మొదట్లో వింతగా ఉండేదని చెప్పింది. ఎడమవైపు నుంచి మొదట వచ్చిన వాసన కాలవలో నానబెట్టిన డొక్కల కంపట. “అంత కంపనుకోలేదు పిన్నీ, ఇన్నాళ్లూ ఎలా భరించేరు మీరంతా?” అని నవ్విందట.

కిరాణాకొట్టులో ఒకాయన పాత అలవాటుగా “వంకరముక్కు దుర్గా, ఏం కావాలి?” అన్నాడు. ఆమె సంచి కింద పెట్టి, “నా పేరు సత్యదుర్గండి. మొత్తం పిలిస్తేనే పలుకుతాను” అని నిలబడింది. వెనక నలుగురు వరసలో ఉన్నారు. ఆయన మొత్తం పిలిచేదాకా వరస కదల్లేదు.

ముక్కుపుడక ఇంకా డబ్బాలోనే ఉంది. బెజ్జం కాస్త పూడింది, పెట్టించుకోవాలనుకున్నప్పుడు పెట్టించుకుంటానంది. వీరేంద్ర ప్రతి శుక్రవారం ఫోన్ చేసి రొయ్యల పచ్చడి ఎప్పుడు పంపుతారని అడుగుతున్నాడు. చిన్నమ్మలు ఆ పచ్చడి మాట విన్నప్పుడల్లా కోడలి ఖాళీ ముక్కు వైపు ఒకసారి చూస్తుంది. గోడ మీద పాత ఫ్రేములో ఇప్పుడు తండ్రీ కూతురూ ఉన్న ఫొటో ఉంది. సుందరమ్మ కోడలు కూడా స్టూడియోకి వెళ్లి తన అసలు ఫొటో అడిగిందని వినికిడి. పాపం, నాగసతీష్‌కి ఈ మధ్య హార్డ్‌డిస్క్ దులపడమే పనైంది.

మొన్న ఫ్యాక్టరీ గుర్తింపు కార్డుకి ఫొటో కావాలంటే సత్యదుర్గ అక్కడికే వెళ్లింది. స్టూలు మీద నిటారుగా కూర్చుంది, నోరు మూసుకుని. ఫ్లాష్ వెలిగింది. నాగసతీష్ కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటో తెరిచాడు. అలవాటుగా దాన్ని పెద్దది చేశాడు. బాణం గుర్తు మెల్లగా ముక్కు వైపు కదిలింది.

సత్యదుర్గ అతని కుర్చీ వెనకే నిలబడి ఉంది.

“తమ్ముడూ,” అంది, “చెయ్యి ఆ మౌస్ మీంచి తియ్యి.”